మీ నాయనమ్మను బ్రాకెట్లలో పెట్టావేమ్మా?

అమ్మాయీ,

నీ కాగితాలు అందాయి. ఎనభైల్లో పేపర్లనీ జనాన్నీ ఊపిన పదిహేను మంది మీద పదిహేను వ్యాసాలు. ఎన్టీఆర్, చిరంజీవి, కపిల్ దేవ్, పి.టి. ఉష, అజారుద్దీన్, సిల్క్ స్మిత, శాంతిస్వరూప్... బాగా కష్టపడ్డావు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత గుర్తుండకపోవచ్చు.

కపిల్ దగ్గర నాకు కోపం వచ్చింది. 1983 జూన్ 18న జింబాబ్వే మీద ఆయన 175 కొడుతుంటే "దేశమంతా టీవీలకు అతుక్కుపోయి కళ్లారా చూసింది" అని రాశావు. ఎవరు చూశారమ్మా? టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో ఆ రోజు బీబీసీ కెమెరాలే లేవు. 17 పరుగులకు 5 వికెట్లు పోయిన జట్టు 266 దాకా వెళ్లిందని మేం పేపర్లో చదివాం. మా ఊరి సైకిల్ షాపతను నాతో రెండుసార్లు చదివించుకుని, "అచ్చు తప్పేమో చూడండి" అన్నాడు. ఆ సాయంత్రం చెరువుగట్టు మీద కుర్రాళ్లు కొబ్బరిమట్ట పట్టుకుని ఆ ఇన్నింగ్స్ ఆడారు, ఒక్కొక్కడు ఒక్కో రకంగా. ఎవరూ చూడలేదు కాబట్టి ఎవడి కపిల్ వాడికి దొరికాడు. నువ్వు రాయాల్సింది అది.

ఇక శాంతిస్వరూప్ వ్యాసం. చివరి పేజీలో, కింద, బ్రాకెట్లలో ఒక వాక్యం పెట్టేశావు: ఆయన టీవీ వార్తల్లో "నమస్కారం" అనగానే మీ నాయనమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కునేదట. అది చదివి కాగితాలు పక్కన పెట్టి చాలాసేపు వాకిట్లో కూర్చున్నాను. ఈ ఉత్తరం ఆ వాక్యం కోసమే రాస్తున్నాను.

1983 నవంబరు 14న ఆయన దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివారనీ, టెలిప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో వార్తలు కంఠతా పట్టి చెప్పేవారనీ ముందు పేజీలో నువ్వే రాశావు. ఆ సంగతికీ ఈ కొంగుకీ ఉన్న ముడి నీకు కనబడలేదా? కాగితం చూసి చదివే మనిషి తల వంచుకుంటాడు. కంఠతా వచ్చినవాడు ఎదురుగా చూస్తాడు. పరాయి మగవాడు నట్టింట్లోకొచ్చి, తల వంచకుండా తనవైపే చూస్తూ మాట్లాడటం మీ నాయనమ్మ అప్పటిదాకా ఎరగదు. అందుకే కొంగు లాక్కుంది. ఆయన పడ్డ కష్టమంతా ఆవిడ చేతిలోకి వచ్చింది. నువ్వేమో దాన్ని బ్రాకెట్లలో దాచి, "తెలుగువారి గుండెల్లో చెరగని ముద్ర వేశారు" అన్నదాన్ని బయట నిలబెట్టావు.

నలభై ఏళ్లుగా ఈ మాట చెబుతున్నాను: పేరున్నవాళ్ల గురించి రాయాలంటే వాళ్లింటికి వెళ్లకండి, వాళ్లు ఎవరింటికి వచ్చి చేరారో అక్కడికి వెళ్లండి అని. పుట్టిన తేదీలూ బిరుదులూ అందరి దగ్గరా ఉన్నాయి.

1982లో నేనొక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌ని. జీతం లేదు, లైన్ అకౌంటే. అచ్చయిన వార్తలు కత్తిరించి, స్కేలుతో కొలిచి పంపితే ఎప్పటికో మనియార్డరు వచ్చేది. ఆ మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టారు. ఖాకీ బట్టలేసుకుని, షెవర్లే వ్యాను మీద రాష్ట్రమంతా తిరుగుతున్నారు. రాత్రి తొమ్మిదికి రావాల్సిన చైతన్యరథం మా సెంటరుకు తెల్లవారుజామున నాలుగింటికి వచ్చింది. హారతి పళ్లెం పట్టుకున్న ఒక ముసలమ్మ నా పక్కన నిలబడి ఆయన మాట వింది. విని, "గొంతు బొంగురుపోయింది నాయనా, ఆ అబ్బాయికి మిరియాల పాలు ఎవరన్నా ఇచ్చారా?" అంది. ఆ అబ్బాయికి అప్పటికి యాభై తొమ్మిదేళ్లు.

ఆ మాటతోనే వార్త మొదలుపెట్టి, కవరు ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిచ్చాను. డెస్కులో కోసేశారు. "అడుగడుగునా బ్రహ్మరథం" అని శీర్షిక పెట్టారు. ఆ నెలలో ఏ ఊరి వార్తకైనా ఆ శీర్షిక సరిపోతుంది. ఫోన్ చేసి అడిగితే, "ముసలమ్మ మాటలు వార్తెలా అవుతాయయ్యా" అన్నారు. 1983 జనవరి 9న లాల్‌బహదూర్ స్టేడియంలో ఆయన ప్రమాణం చేశారు, పార్టీ పుట్టిన తొమ్మిది నెలలకే. ఎలా గెలిచారని ఆ పత్రికే వరసబెట్టి విశ్లేషణలు వేసింది. సమాధానం వాళ్ల చెత్తబుట్టలోనే ఉందని నేను ఇప్పటికీ నమ్ముతాను.

సిల్క్ స్మితకు ఒకటిన్నర పేజీ ఇచ్చావు. అందులో "మత్తు కళ్లు" మూడుసార్లు. ఆమె మా ఏలూరు వైపు పిల్ల, విజయలక్ష్మి. చిన్న తరగతుల్లోనే చదువు ఆగిపోయింది. 1980లో ఒక తమిళ సినిమాలో వేసిన పాత్ర పేరే ఆమెకు ఇంటిపేరైపోయింది. 1981 నాటి సీతాకోకచిలుకలో వదినగా చేసింది, ముందు అది చూడు. 1996 సెప్టెంబరులో మద్రాసులో ఆమె పోయినప్పుడు ఒక వారపత్రికకు నాలుగు పేజీలు రాసి పంపాను. మా టూరింగ్ టాకీసులో ఆమె పాటకు తల దించుకుని, పాటయ్యాక "పాపం, ఆ పిల్లకి వెనకా ముందూ ఎవరూ లేరంటనా?" అనుకున్న ఆడవాళ్ల గురించి. నా రాత తిరిగొచ్చింది. ఆ వారం ఆమె ఫొటోలు మాత్రం రెండు పేజీల నిండా వేశారు. ఆ నాలుగు కాగితాలూ ఇంకా నా బీరువాలో ఉన్నాయి. నీ ఒకటిన్నర పేజీ ఆ ఫొటోల పక్కన అచ్చువేయడానికి పనికొస్తుంది. అందుకే ఇంత బాధ.

పబ్లిషర్ల సంగతి అడిగావు, తర్వాత చూద్దాం. నల్గొండ మాటలో రాయనా వద్దా అనీ అడిగావు. "లాక్కునేదట" అన్నది నీ మాట. ఆవిడ ఏమందో అలాగే కావాలి.

ఆవిడ ఊళ్లోనే ఉందని రాశావు కదా. ఈ ఆదివారం బస్సెక్కు. టీవీ ఎవరింట్లో ఉండేది, ఆడవాళ్లు ఎటువైపు కూర్చునేవారు, ఇందిరాగాంధీ పోయిన సాయంత్రం మీ ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా, అడుగు. అన్నిటికన్నా ముందు ఆ కొంగు సంగతి అడుగు. ఏమందో నాకు వెంటనే రాయి.

ఆశీస్సులతో.