ఆకలైతే అవే తింటాయిలే అనుకోకండి

ప్రశ్న: మాది షాద్‌నగర్ దగ్గర. రెండెకరాల కూరగాయల తోట, ఆరు మేకలు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి, అమెరికా వెళ్లిపోతున్న స్నేహితురాలి దగ్గర నుంచి రెండు గినీ పిగ్‌లను (ఎలుక జాతికి చెందిన చిన్న పెంపుడు జంతువులు) తెచ్చి మా ఇంట్లో పెట్టింది. ఐదు రోజులైంది. కీరా ముక్కలు, వాటితో వచ్చిన ప్యాకెట్ దాణా తప్ప ఏదీ ముట్టడం లేదు. ఆ దాణా కూడా అయిపోవచ్చింది. నేపియర్ గడ్డి వేస్తే తొక్కి దాని మీదే పడుకుంటున్నాయి. కోళ్ల దాణా పెట్టొచ్చా? రెండు రోజులు మాడిస్తే మేకల్లా అవే దారికొస్తాయని మా ఇంట్లో అంటున్నారు. రెండూ ఆడవేనట. ఒకటి మాత్రం బాగా లావుగా ఉంది.

జవాబు: ముందు ఆ మాడించే ఆలోచన మానేయండి. మేక పొట్టలో ఎప్పుడూ కొంత మేత నిల్వ ఉంటుంది కాబట్టి ఒక పూట తప్పినా నెమరేసుకుంటూ గడిపేస్తుంది. గినీ పిగ్‌కు నెమరు లేదు. కుందేలులాగే దానికీ పేగుల వెనక భాగంలో సీకం అనే పెద్ద సంచి ఉంటుంది, పీచు అక్కడ పులిసి అరుగుతుంది. పైనుంచి మేత పడుతూ ఉంటేనే ఆ పేగులు కదులుతాయి. మేత ఆగితే గ్యాస్ పడుతుంది, నొప్పి వస్తుంది, నొప్పితో ఇంకా తినదు. ఒక రోజు పూర్తిగా తినకపోతే అది ప్రాణం మీదికొచ్చినట్టే. 12 గంటలు ఏమీ ముట్టకపోతే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఇవి తిండికి వంకలు పెడుతున్నాయని మీకనిపించవచ్చు కానీ, అసలు సంగతి భయం. పుట్టిన మొదటి వారాల్లో తల్లి పక్కన ఏది రుచి చూస్తాయో దాన్నే తిండిగా గుర్తు పెట్టుకుంటాయి. కొత్త ఆకే కాదు, కొత్త గిన్నెను చూసినా బెదురుతాయి. మా చదువు రోజుల్లో కాలేజీ ల్యాబ్‌లో ఇవి ఉండేవి. ఒకసారి మట్టి మూకుళ్లు తీసేసి స్టీలు గిన్నెలు పెడితే, అదే దాణాను రెండు జంతువులు సాయంత్రం దాకా వాసన కూడా చూడలేదు. పాత మూకుళ్లు తెచ్చి పెట్టాక గానీ తినలేదు. మీవి ఫ్లాట్‌లో పెరిగినవి, పచ్చిగడ్డిని ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. పైగా నేపియర్ ఆకు అంచు గరుకు, కాడ మొరటు.

అందుకని అమ్మాయికి ఫోన్ చేసి, అదే కంపెనీ దాణా ఇంకో ప్యాకెట్, పాత గిన్నె, పాత నీళ్ల సీసా పంపమనండి. ఎదిగిన గినీ పిగ్‌కు రోజుకు 20–30 గ్రాముల దాణా చాలు, గడ్డికి మాత్రం లెక్క లేదు, రాత్రీ పగలూ ముందర ఉండాల్సిందే. వాటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి.

నేపియర్ పక్కన పెట్టి గరికతో మొదలుపెట్టండి. మందు కొట్టని గట్టు మీద నుంచి లేత గరిక ఓ గుప్పెడు కోసి, కీరా ముక్కతో బాగా రుద్ది, తెల్లవారుజామున దాణా గిన్నె పక్కనే పెట్టండి. కీరా మాత్రం గంట ఆగాక వేయండి. మొదటి రోజు పోచను నోటితో ఎత్తి అటు విసిరేస్తాయి. నిరాశపడకండి, అది కూడా పరిచయమే. నాలుగైదు రోజులకు ఒకటి పోచను మొదలు దగ్గర పట్టి కొద్దికొద్దిగా లోపలికి లాక్కుంటుంది, అది చూసి రెండోది అవతలి కొస అందుకుంటుంది. అక్కడి నుంచి రోజూ కొంచెం పెంచండి. ఒకేసారి బుట్టెడు పచ్చిగడ్డి వేస్తే పారుడు పట్టుకుంటుంది. మిగిలిన గరికను నీడలో పచ్చదనం పోకుండా ఆరబెట్టి దాచుకోండి. గరిక అలవాటయ్యాక నేపియర్ ఆకు నడిమి ఈనె తీసేసి, జానెడు ముక్కలు చేసి కలపొచ్చు. లేత జొన్న పిలకలు వద్దు, అందులో విషం ఉంటుందని మేకల విషయంలో మీకు తెలిసిందే. వరిగడ్డి పడకకు పనికొస్తుంది, మేతగా చాలదు. లూసర్న్ మేతలో కాల్షియం ఎక్కువ, రోజూ పెడితే ఎదిగిన వాటికి మూత్రంలో రాళ్లు రావచ్చు.

కోళ్ల దాణా పెట్టకండి. కోళ్లకు రక్తపారుడు రాకుండా అందులో కలిపే కొన్ని మందులు వీటికి విషం కావచ్చు. పైగా అందులో విటమిన్ సి ఉండదు. మనలాగే గినీ పిగ్ కూడా విటమిన్ సి ని ఒంట్లో తయారు చేసుకోలేదు. మేకకు ఆ బాధ లేదు, అందుకే మనకు ఈ సంగతి తట్టదు. రెండు మూడు వారాలు అందకపోతే కీళ్లు వాచి, కదలడానికి బద్ధకిస్తాయి, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది. రోజుకు ఒక్కోదానికి 20–25 మిల్లీగ్రాములు పడాలి. కీరా తింటే నీళ్లు నమిలినట్టే, 100 గ్రాములకు మూడు మిల్లీగ్రాములు కూడా సరిగ్గా రాదు. అదే జామపండు 10 గ్రాముల ముక్కలో దాదాపు ఒక రోజుకు సరిపడా ఉంటుంది. క్యాప్సికం అయితే 25–30 గ్రాములు కావాలి, గింజలు తీసి పెట్టండి. కొత్తిమీర కాడలతో సహా వేయొచ్చు. గోంగూర, పాలకూర వద్దు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, అన్నం అసలే వద్దు.

ఇవి అలవాటయ్యేదాకా పిల్లలకు వాడే విటమిన్ సి చుక్కల మందు కొనండి. మల్టీవిటమిన్ కాదు, ఉత్త సి మాత్రమే. సీసా మీద మి.లీ.కి ఎంత ఉందో చూసి, 25 మిల్లీగ్రాములకు సరిపడా సూది లేని సిరంజిలో తీసి నోటి పక్క నుంచి మెల్లగా వదలండి. నీళ్ల సీసాలో కలిపితే త్వరగా పాడైపోతుంది, ఎంత తాగిందీ తెలియదు.

తింటున్నాయో లేదో కళ్లతో చూసి చెప్పడం కష్టం. వంటింటి డిజిటల్ కాటా మీద రోజూ ఒకే వేళకు తూచి గోడ మీద రాసుకోండి. 50 గ్రాములు తగ్గితే కనిపెట్టి ఉండండి, 100 తగ్గితే ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పొద్దున్నే పెంటికలు కూడా చూడండి. అవి చిన్నవైనా, తక్కువైనా మేత సరిగ్గా పడనట్టే. మేకల కోసం తెచ్చిపెట్టుకున్న యాంటీబయాటిక్స్ సొంతంగా వేయకండి. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ లాంటివి వీటి పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను చంపి ప్రాణం తీస్తాయి. రేకుల షెడ్డులో కూడా ఉంచకండి, 30 డిగ్రీలు దాటితే వేడికే మేత మానేస్తాయి.

ఇక ఆ లావుగా ఉన్నది. రెండూ ఆడవే అని ఇచ్చిన జతలో ఒకటి మగది కావడం కొత్తేమీ కాదు. డాక్టరుకు చూపించి తేల్చుకోండి. చూలుతో ఉన్నది మేత తగ్గిస్తే రెండు రోజుల్లోనే రక్తం విషమయమై చనిపోవచ్చు, కాబట్టి ముందు దాన్నే తూచండి. దానికి లూసర్న్ కొద్దిగా పెట్టవచ్చు. చూలు 59 నుంచి 72 రోజులు. రెండోది మగదని తేలితే మధ్యలో జాలీ పెట్టండి, ఒకదానికొకటి కనిపిస్తూ ఉండాలి. లేకపోతే ఈనిన కొద్ది గంటల్లోనే అది మళ్లీ చూలు కడుతుంది.