బైపీసీ మానిపించి క్వాంటం వైపు మళ్లించమంటారా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఇరవై రెండేళ్లుగా అమోనియా ప్లాంటు ఆపరేటరుగా పనిచేస్తున్నాను. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ చదువుతోంది. కొత్త వరి వంగడం గురించి పేపర్లో చదివినప్పటి నుంచి జన్యు సవరణే చదువుతానంటోంది. మెడిసిన్ వద్దంటోంది. బంధువులేమో, అమరావతికి క్వాంటం వ్యాలీ వస్తోంది, ఇప్పుడే ఎంపీసీకి మార్చి క్వాంటం బీటెక్‌లో చేర్పిస్తే ఇంటి దగ్గరే ఉద్యోగం అంటున్నారు. అబ్బాయి పాలిటెక్నిక్ మెకానికల్ రెండో సంవత్సరం. సెలవుల్లో నాతోపాటు ప్లాంటుకు వస్తాడు. వాడి గురించి బెంగ లేదు, ఏదో ఒక పని చూసుకుంటాడు. అమ్మాయిని మార్చమంటారా?

జవాబు: మార్చవద్దు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఊగిసలాటలో నెలలు గడిస్తే పిల్ల రెంటికీ చెడుతుంది.

అమ్మాయి చదివిన వార్త 2025 మే నెలలోది అయ్యుంటుంది. హైదరాబాద్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ జన్యు సవరణతో రూపొందించిన ‘కమల’ అనే వరిని అప్పుడు కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. దానికి తల్లి రకం ఏమిటో తెలుసా? సాంబా మసూరి, మనం బీపీటీ బియ్యం అని కొనుక్కుని తినేది. బీపీటీ అంటే బాపట్ల. అక్కడి పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన రకం. అదే రోజు ప్రకటించిన, ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన మరో వరికి తల్లి ఎంటీయూ 1010. ఎంటీయూ అంటే మార్టేరు. దేశంలో మొదటి రెండు జన్యు సవరణ వరి వంగడాలూ మన తీరం పంటల నుంచే వచ్చాయి. మీ అమ్మాయి మనసు ఎక్కడికో అందని చోటికి పోలేదు, ఇంటి అన్నంలోకే పోయింది.

ఆ పని ఎలా జరిగిందో మీరు తెలుసుకుంటే ఆమెతో మాట్లాడటం తేలికవుతుంది. వరి వెన్నులో గింజల సంఖ్యను పెంచే హార్మోను ఒకటి ఉంటుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమును తయారుచేసే జన్యువు మరొకటి. క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో ఆ జన్యువును దెబ్బతీస్తే హార్మోను నిలబడుతుంది, వెన్నుకు గింజలు పెరుగుతాయి. వేరే జీవి జన్యువును తెచ్చి పెట్టలేదు. దిగుబడి 19 శాతం ఎక్కువ, కోత దాదాపు 20 రోజులు ముందు అని శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ లెక్కలను ప్రశ్నించినవారూ ఉన్నారు. నా దృష్టిలో ఇది ఆ రంగానికి వెళ్లకపోవడానికి కారణం కాదు. పొలంలో నిజాయతీగా కొలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనుషులు అక్కడ ఇంకా కావాలన్నమాట.

ఇక మిరప. 2021లో నల్ల తామర పురుగు మన చేలను ఎలా ఊడ్చేసిందో, ఆ తర్వాత మీ స్టోరేజీకి ఎన్ని టిక్కీలు తగ్గాయో నాకంటే మీకే బాగా తెలుసు. మరి మిరపను ఎందుకు సవరించడం లేదని అమ్మాయి అడిగితే ఇదీ సమాధానం: ఒక కణంలో జన్యువును సవరించాక ఆ ఒక్క కణం నుంచి మొక్క మొత్తాన్ని పెంచాలి. వరిలో అది బాగా కుదిరింది. మిరప కణం మొండిది, గాజు సీసాలో మొక్కగా మారడానికి ఒక పట్టాన లొంగదు. ప్రపంచమంతటా ప్రయోగశాలలు దానితో కుస్తీ పడుతున్నాయి. గుంటూరు పిల్ల జీవితాన్ని పెట్టదగిన ప్రశ్న ఇంతకంటే ఏముంటుంది?

దారి చెబుతాను, దాని బరువు కూడా చెబుతాను. ఒకటి, ఈఏపీసెట్ రాసి మన లాంలో ప్రధాన కార్యాలయం ఉన్న ఆచార్య ఎన్జీ రంగా విశ్వవిద్యాలయం కళాశాలల్లో అగ్రికల్చర్ బీఎస్సీ. ఆ తర్వాత మొక్కల ప్రజననంలోనో బయోటెక్నాలజీలోనో ఎమ్మెస్సీ. పొలం, ప్రయోగశాల రెండూ తెలుస్తాయి. నేనైతే దీనికే మొగ్గుతాను. రెండోది, కేంద్రం నడిపే సైన్సు విద్యా, పరిశోధన సంస్థ అయిన తిరుపతి ఐసర్‌లో అయిదేళ్ల బీఎస్-ఎంఎస్. దాని ప్రవేశ పరీక్షలో 60 ప్రశ్నలు, నాలుగు సబ్జెక్టులకు పదిహేనేసి. అందులో గణితం కూడా ఉంది. బైపీసీ పిల్లలు చాలామంది ఆ పదిహేనూ వదిలేసి వస్తారు. మీ అమ్మాయి వదలకూడదు. అన్నయ్య పాత లెక్కల పుస్తకాలు ఉంటే ఈ వేసవిలోనే తీయించండి. పరీక్ష కోసమే కాదు, జీవశాస్త్రమే మారిపోయింది. 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం ఆల్ఫాఫోల్డ్‌ను తయారుచేసిన ఇద్దరికి దక్కింది. అది దాదాపు 20 కోట్ల ప్రొటీన్ల ఆకృతులను అంచనా కట్టిన కంప్యూటర్ ప్రోగ్రాము. లెక్కలంటే భయంతో బైపీసీ తీసుకున్న పిల్లకు ఇకపై ఆ రంగంలో ఊపిరాడదు.

బరువు ఏమిటంటే, ఈ దారిలో డిగ్రీతో ఆగితే మంచి ఉద్యోగం దొరకడం కష్టం. పీహెచ్‌డీ దాకా పదేళ్లు పడుతుంది. ఐసర్‌కు వెళితే ఏడాదికి 80 వేల రూపాయల ఇన్‌స్పైర్ ఉపకారవేతనానికి దరఖాస్తు చేయవచ్చు. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ సాధిస్తే నెలకు 37 వేలు వస్తుంది. అంటే ఆ దశకు చేరాక మీ మీద భారం ఉండదు. కానీ ఇరవై రెండేళ్లకే జీతం తెస్తుందని లెక్క వేసుకోకండి, ఆమె పెళ్లి లెక్కలూ దాని చుట్టూ వేయకండి.

క్వాంటం సంగతి. వార్త అబద్ధం కాదు. 156 క్యూబిట్ల (క్యూబిట్ అంటే క్వాంటం కంప్యూటర్ లెక్కలకు మూల ప్రమాణం) ప్రాసెసరున్న ఐబీఎం క్వాంటం కంప్యూటర్ను అమరావతిలో నెలకొల్పుతామని 2025లో ప్రకటించారు. కేంద్రం అంతకుముందే, 2023లో, 6,003 కోట్లతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. అయితే బీటెక్ పక్కన ‘క్వాంటం’ అని రాసి ఉండటం వేరు, లోపల నేర్పించడం వేరు. ఏ కళాశాలైనా ఆ పేరు చెబితే, ప్రయోగశాల చూపించమనండి, భౌతికశాస్త్రం ఎవరు చెబుతారో అడగండి. ఆ చదువుకు పునాది ఇంటర్‌లో పిల్లలు గైడు చూసి దాటేసే మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలే. వాటిమీద ఇష్టం లేని పిల్లను అందులోకి తోయకూడదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం అమ్మాయి గురించినది కాదు. సెలవుల్లో ప్లాంటుకు వచ్చే అబ్బాయిది.

క్వాంటం కంప్యూటర్ అనగానే అందరికీ తెర ముందు కూర్చున్న మనిషే కనిపిస్తాడు. ఐబీఎం తరహా యంత్రాన్ని దగ్గరగా చూస్తే అందులో చాలా భాగం శీతల యంత్రమే. మీరు మిర్చిని సున్నాకు నాలుగైదు డిగ్రీల పైన కాపాడతారు. ఆ చిప్పును సంపూర్ణ సున్నాకు, అంటే మైనస్ 273.15కు, డిగ్రీలో వందో వంతు పైచిలుకు దూరంలో ఉంచాలి. కొంచెం వేడి తగిలినా క్యూబిట్ తన స్థితిని కోల్పోతుంది. సూత్రం మాత్రం మీకు పరాయిది కాదు. మీ కాయిల్‌లో అమోనియా ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. అక్కడ హీలియం-3 అనే తేలిక రకం హీలియం పరమాణువులు మామూలు హీలియం-4లో కలుస్తూ వేడిని లాక్కుంటాయి. పంపులు, వాల్వులు, లీకు పరీక్ష, రాత్రి మోగే అలారం, అన్నీ ఉంటాయి.

కాబట్టి ఇంట్లో క్వాంటం వ్యాలీకి దగ్గరగా ఉన్నది మెకానికల్ చదివే మీ అబ్బాయి. డిప్లొమా అయ్యాక ఈసెట్ ప్రవేశ పరీక్ష రాయించి బీటెక్ మెకానికల్ రెండో సంవత్సరంలో చేర్పించండి. హీట్ ట్రాన్స్‌ఫర్, రిఫ్రిజిరేషన్ పేపర్లను ప్రాణంగా చదవమనండి. ఖరగ్‌పూర్ ఐఐటీలో క్రయోజెనిక్ (అతి శీతల) ఇంజినీరింగ్‌కు ప్రత్యేక కేంద్రమే ఉంది. ఒకవేళ అమరావతి పని ఆలస్యమైనా ఈ విద్య వృథా కాదు. శ్రీహరికోటలో జీఎస్ఎల్‌వీ రాకెట్ పై దశకు మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ నింపుతారు. మన ఊళ్ల ఆసుపత్రుల్లోని ఎంఆర్ఐ యంత్రాల్లో అయస్కాంతాలను చల్లబరిచేది మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియం. వాటిని బాగుచేసే మనుషులు తక్కువ. కొత్త సాంకేతికత వచ్చిన ప్రతిసారీ మనం సాఫ్ట్‌వేర్ కుర్చీనే వెతుకుతాం, యంత్రాన్ని నిలబెట్టే చేతులను మరచిపోతాం. ఏళ్ల తరబడి పిల్లలతో మాట్లాడుతూ నేను ఎక్కువగా బాధపడినది దీని గురించే.

2025 భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న క్లార్క్, డెవొరే, మార్టినిస్‌లు చల్లటి విద్యుత్ వలయాల మీద, ఈ తరహా క్యూబిట్లకు పునాది వేసిన ప్రయోగాలు చేసింది 1984, 85లలో. నలభై ఏళ్ల కిందటి పని ఇవాళ మన పక్క ఊరికి వస్తోంది. మీ పిల్లలిద్దరికీ వ్యవధి ఉంది, తొందర వద్దు.

ఈసారి ప్లాంటులో మరమ్మతు అయ్యాక అమోనియా నింపే ముందు పైపుల్లోంచి గాలి లాగేస్తారు కదా, అప్పుడు అబ్బాయిని పక్కన నిలబెట్టుకుని ఎందుకు లాగుతున్నారో అడగండి. గాలి మిగిలితే ఏమవుతుందో, తేమ మిగిలితే ఏమవుతుందో సొంత మాటల్లో ఒక పేజీ రాసి నాకు పంపమనండి. ఈసెట్‌కు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అది చూశాక చెబుతాను.