పతంగి గేమ్‌లో కంట్రోలర్ ఫీచర్లు అన్నీ పెట్టాలా?

ప్రశ్న: అన్నా, నేను కూకట్‌పల్లిలో ఉంటా, బీటెక్ ఫైనలియర్. ఫ్రెండ్స్ కలిసి పీసీకి సంక్రాంతి పతంగుల గేమ్ చేస్తున్నాం, చేతిలో పీఎస్5 కంట్రోలర్ ఉంది. మోషన్, టచ్‌ప్యాడ్, మైక్, ట్రిగ్గర్లు అన్నీ వాడేద్దాం అని నేను, అవన్నీ షో, మామూలు బటన్లు చాలని మావాడు. ఏం చేయమంటావ్?

జవాబు: తమ్ముడూ, అన్నీ వద్దు. కానీ పతంగి అంటున్నావ్ కాబట్టి ట్రిగ్గర్ (కంట్రోలర్ పైఅంచున చూపుడువేలితో నొక్కేది) మాత్రం అస్సలు వదలకు.

మేడ మీద పతంగి ఎగరేసేవాడి చెయ్యి చూడు, మాంజా లాగుతాడు, ఢీల్ ఇస్తాడు అంటే దారం వదులుతాడు, ఇంకో పతంగితో పేంచ్ పడ్డాక ఆటంతా వేలి మీద దారం బిగుతులోనే ఉంటది. డ్యూయల్‌సెన్స్, అంటే నీ పీఎస్5 కంట్రోలర్, దాని ట్రిగ్గర్ లోపల చిన్న మోటార్ ఉంది, ట్రిగ్గర్ ఎక్కడినుంచి బిగియాలి, ఎంత బిగియాలి అనేది కోడ్‌లోంచే చెప్పొచ్చు. గాలి పెరిగితే ట్రిగ్గర్ బిగుసుకోవాలి, మెల్లగా వదిలితే ఢీల్, పతంగి తెగిందా ఒక్కసారిగా లూజ్ అయిపోవాలి, స్క్రీన్ చూసేలోపే వేలికి తెలిసిపోవాలి. ఇది బటన్‌తో వస్తదా? రాదు, అందుకే పెట్టమంటున్నా.

నాకు బాగా నచ్చేది నింటెండో డీఎస్ అనే రెండు స్క్రీన్ల చేతి మెషిన్‌లో 2007లో వచ్చిన గేమ్, జెల్డా ఫాంటమ్ అవర్‌గ్లాస్. ఒక స్క్రీన్‌లో ఉన్న గుర్తుని ఇంకో స్క్రీన్‌లోని మ్యాప్ మీద అచ్చు వేయాలి, ఏ బటన్ నొక్కినా అవ్వదు, డీఎస్‌ని మూసి తెరిస్తే పడుతుంది. మడిచే మెషిన్ కాబట్టే పుట్టిన ఐడియా అది. అదే ఏడాది పీఎస్3లో లెయిర్ అని వచ్చింది, కంట్రోలర్ వంచితేనే డ్రాగన్ తిరుగుద్ది, జనం మొత్తుకున్నారు, చివరికి 2008లో అప్‌డేట్ ఇచ్చి బొటనవేలితో తిప్పే స్టిక్‌తో తిప్పుకోనిచ్చారు. అక్కడ స్టిక్ చేసే పనినే మోషన్‌తో కష్టంగా చేయించారు, అదీ వచ్చిన చిక్కు. నీ మైక్, టచ్‌ప్యాడ్ కూడా అలాంటివే అనిపిస్తోంది, మైక్‌లో ఊదితే గాలి రావడం ఒకసారి నవ్వు తెప్పిస్తది, తర్వాత విసుగు.

మీవాడు చెప్పేదాంట్లో ఒకటి మాత్రం నిజం, ఈ కంట్రోలర్ అందరి దగ్గరా ఉండదు, వేళ్ళు నొప్పి ఉన్నవాళ్ళకి బిగుతు పడదు. కాబట్టి బిగుతు ఆపుకునే ఆప్షన్ పెట్టండి, అప్పుడు ఆ బిగుతుకి బదులు దారం సౌండ్ సన్నబడుతూ పోవాలి, దారం రంగు మారాలి. పీసీలో చాలా గేమ్‌లకి ఈ ఎఫెక్ట్‌లు కేబుల్ పెడితేనే పూర్తిగా వస్తాయి, టెస్ట్ చేసేటప్పుడు గుర్తుంచుకో. అన్నట్టు గేమ్‌లో చైనా మాంజా మాత్రం పెట్టకండి, ప్లీజ్, ఆ దారానికి మెడలు తెగినవాళ్ళున్నారు.

ఇప్పుడైతే గ్రాఫిక్స్ పక్కన పెట్టి ఒక గీత, గాలి, ట్రిగ్గర్, ఇంతే పెట్టి మీ గల్లీలో పతంగులాడే పిల్లలకి ఏం చెప్పకుండా ఇవ్వు. వాళ్ళంతట వాళ్ళే ఢీల్ ఇవ్వకపోతే బిగుతు నంబర్లు మార్చు, కొత్త ఫీచర్ జోలికి పోకు.