మీటర్‌లో పచ్చ రంగు కనిపిస్తే బాబుకి చుట్ట పొగ తగలనట్టేనా?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. మామగారు ముందు గదిలో చుట్ట కాలుస్తారు. మా ఐదేళ్ల బాబుకి పిల్లికూతలు, ఇన్‌హేలర్ వాడుతున్నాం. గాలిని కొలిచే చిన్న మీటర్ కొన్నాం. చుట్ట వెలిగిస్తే పీఎం 2.5 (గాలిలోని అతి సన్నటి రేణువుల లెక్క) 180 దాకా వెళ్తుంది, తర్వాత 30కి దిగి పచ్చ రంగు చూపిస్తుంది. అప్పుడు బాబుని ఆ గదిలో ఉంచొచ్చా?
- ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: ఉంచొద్దమ్మా. ఆ పచ్చ రంగు మీటర్ తయారుచేసినవాళ్లు పెట్టుకున్న గీత, మీ బాబు ఊపిరితిత్తుల్ని చూసి పెట్టింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన 24 గంటల సగటు పీఎం 2.5 హద్దు ఘనపు మీటరు గాలికి 15 మైక్రోగ్రాములే, మన దేశంలో 60. పొగాకు పొగ విషయంలో మాత్రం ఇంతవరకు పర్వాలేదనే హద్దే లేదు.

ఈ మీటర్ లోపల చిన్న ఫ్యాన్ గాలిని లాగుతుంది, లేజర్ వెలుతురు రేణువుల మీద పడి ఎంత చెదిరిందో చూసి అంకె వేస్తుంది, అంతే. అది చుట్ట పొగో, సాంబ్రాణో, దోమల కాయిలో, పోపు పొగో దానికి తెలియదు, తేమ ఎక్కువైనా అంకె పెరుగుతుంది. పరిశోధకులు వాడే సైడ్‌పాక్ లాంటి ఖరీదైన పరికరంతో పొగాకు పొగ కొలిచినప్పుడు కూడా అది అసలు కన్నా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఆ అంకెను సుమారు 0.3తో గుణించి సరిచేసుకుంటారు. అందుకని 180 అనే అంకె పట్టుకుని టెన్షన్ పడకండి, కానీ చుట్ట వెలిగించగానే అంత ఎగబాకిందే, దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పైగా పొగలోని వాయువులు, గోడలకీ దుప్పట్లకీ పట్టిన నికోటిన్ దానికి కనపడనే కనపడవు. నికోటిన్‌కి వేరే బ్యాడ్జీలున్నాయి, కొన్నాళ్లు గదిలో వేలాడదీసి ల్యాబ్‌కి పంపాలి, మీకు ఆ అవసరం లేదు, గదిలో చుట్ట వాసన వస్తోందంటే చాలు.

మీటర్‌తో మంచి పని ఒకటి చేయొచ్చు. పొయ్యి వెలిగించని వేళ, బాబు పడుకునే ఎత్తులో పెట్టి, మామగారు లోపల కాల్చిన రోజూ పెరటి చివర కాల్చిన రోజూ అంకెలు ఎలా ఉన్నాయో ఆయనకే చూపించండి. దెబ్బలాడకుండా, మనవడి కోసం అని అడగండి, చాలామంది తాతలు ఆ ఒక్క మాటకి దిగివస్తారు. కిటికీ తీసినా, ఫ్యాన్ వేసినా పొగ పక్క గదికీ వెళ్తుంది, పూర్తిగా పోదు, గాలిని శుభ్రం చేసే ప్యూరిఫైయర్ రేణువుల్ని పట్టినా వాయువుల్ని సరిగా పట్టదు.

మన శ్రీకాకుళం, విజయనగరం తీరంలో పెద్దావిడలు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. నిప్పు లోపలుంది కదా, పిల్లలకేం కాదనుకుంటారు, కానీ ఆ పొగ కూడా ఇంట్లోకే వస్తుంది, పైగా వాళ్లకి అంగిట్లో క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. మీ ఇంట్లో అలాంటి వాళ్లుంటే నోరు ఒకసారి డాక్టర్‌కి చూపించండి.

మామగారు మానాలనుకుంటే 1800-11-2356కి ఫోన్ చేయించండి, డబ్బులు పడవు. బాబు ఇన్‌హేలర్‌ని మీ డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు. ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగేస్తున్నా, మాట తెగి తెగి వస్తున్నా, పెదాలు నీలంగా మారినా మీటర్ వైపు చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.