గంబోకి మొత్తం బాతు: ముందు కొవ్వు సంగతి చూడండి

లూసియానాకో, పక్కనే ఉన్న టెక్సస్ తీరానికో కొత్తగా వచ్చినవాళ్లు చలికాలంలో తరచుగా అడిగే సందేహం ఇది: గంబో (లూసియానా వాళ్లు అన్నంతో తినే మాంసం పులుసు) చేద్దామని బాతు కొన్నాం, కోడిలాగే ముక్కలు కొట్టి వేసేయొచ్చా? వేయకండి. ఇక్కడి షాపుల్లో దొరికే పెకిన్ బాతుకు చర్మం కింద మందంగా కొవ్వు ఉంటుంది. అలాగే వేస్తే అదంతా కరిగి పులుసు మీద తేలుతుంది. మన కూరలో నూనె పైకి తేలితే ఉడికినట్టు లెక్క. గంబోలో నూనె తేలిందంటే గరిటెతో తీసేయాల్సిందే. అందుకే కొవ్వు, ఎముకలు, మాంసం మూడింటినీ విడదీసి, దేని పని దానితో చేయించాలి.

శనివారం తినాలంటే బుధవారం సాయంత్రమే పని మొదలుపెట్టండి. బాతు గడ్డకట్టిన స్థితిలో 5 నుంచి 6 పౌండ్లు ఉంటుంది. కింద పళ్లెం పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కరగడానికి దాదాపు 2 రోజులు పడుతుంది. తొందరైతే కవరు విప్పకుండా చల్లని నీళ్లలో ముంచి, 30 నిమిషాలకోసారి నీళ్లు మార్చండి. పౌండుకు అరగంట చొప్పున పడుతుంది. గట్టు మీద రాత్రంతా వదిలేయొద్దు, లోపల గడ్డ ఉండగానే పైన పాడవడం మొదలవుతుంది.

పసుపు, ఉప్పు వేసి కడగడం మనకు అలవాటే కానీ, పచ్చి కోడి, బాతు సింకులో కడగొద్దని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. చిమ్మిన నీళ్లతో సూక్ష్మక్రిములు గట్టంతా పాకుతాయి. పైగా తడి చర్మం ఎర్రగా వేగదు. పేపర్ టవల్‌తో లోపలా బయటా ఒత్తి తుడిస్తే చాలు.

కోసే ముందు పొట్టలోనూ మెడ దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. మెడ, కందనకాయ, గుండె, కార్జం ఒక సంచీలో ఉంటాయి. కొన్ని బ్రాండ్లు నారింజ సాసు ప్యాకెట్ కూడా పెడతాయి, అది గంబోకి పనికిరాదు. పొట్ట ద్వారం దగ్గర ఉన్న రెండు కొవ్వు ముద్దల్ని చేత్తోనే లాగేయొచ్చు. తోక మొదట్లో పైభాగాన పసుపురంగు నూనె గ్రంథులు ఉంటాయి, వాటిని తోకతో సహా కోసి పారేయండి. బాతుకూర నీచు వాసన వచ్చిందంటే చాలాసార్లు కారణం ఇవే. వెన్నెముక పక్కన అంటుకున్న ఎర్రటి ముక్కల్ని చెంచాతో గీకేయండి.

కత్తిపీటతో ఎముకలు నరికే పద్ధతి ఇక్కడ వద్దు. పగిలిన ఎముక చిక్కటి పులుసులో కనబడదు, పంటికి తగులుతుంది. కీళ్ల దగ్గరే కోయాలి. తొడకూ రొమ్ముకూ మధ్య చర్మం చీరి, కాలు వెనక్కి విరిస్తే కీలు బయటపడుతుంది. కోడికంటే బాతు కీలు వెన్ను వైపు లోపలికి ఉంటుంది కాబట్టి కత్తి ఇంకాస్త వెనక్కి పోనివ్వండి. రొమ్ముకు నడి ఎముక వెంట గాటు పెట్టి, కత్తిని ఎముకకు ఆనించి జరుపుతూ పోతే రెండు చెక్కలూ ఒలిచినట్టు వస్తాయి. రెక్కలు తీసేసి, మిగిలిన గూడును వంటగది కత్తెరతో రెండుగా చేయండి.

రొమ్ము మీది చర్మం, మెడ చర్మం, కొవ్వు ముద్దలు చిన్న ముక్కలు చేసి, మందపాటి గిన్నెలో అరకప్పు నీళ్లతో సన్న సెగ మీద పెట్టండి. నీళ్లు లేకపోతే కొవ్వు కరగకముందే చర్మం మాడుతుంది. సుమారు గంటలో నీళ్లు ఇగిరి, తేటగా కొవ్వు, కరకరలాడే చర్మం మిగులుతాయి. కొవ్వు వడకట్టి దాచండి. రూకి, అంటే పులుసు కోసం కొవ్వులో మైదా వేయించి చేసే ముద్దకి, అదే వాడాలి. మిగిలింది బంగాళాదుంప వేపుడుకి బాగుంటుంది. సింకులో మాత్రం పోయొద్దు, పైపులో గడ్డకట్టి అపార్ట్‌మెంట్ వాళ్లతో గొడవ తెస్తుంది.

గూడు, మెడ, రెక్కలు 400 ఫారన్‌హీట్ ఓవెన్‌లో 40 నిమిషాలు ఎర్రబడనిచ్చి, మూడున్నర లీటర్ల నీళ్లు, ఒక ఉల్లిపాయ, సెలరీ ఆకులు, మిరియాలు, 2 బే ఆకులతో రెండున్నర నుంచి 3 గంటలు కాచండి. ఇండియన్ స్టోర్ బిర్యానీ ఆకు వేరే చెట్టుది, దాల్చినచెక్క వాసన వేస్తుంది. అమెరికన్ షాపులో దొరికే బే ఆకే కొనండి. కార్జం ఈ నీళ్లలో వేస్తే చేదెక్కుతుంది. కుతకుత ఉడికిస్తే కొవ్వు నీళ్లలో కలిసిపోయి ఇక విడిపోదు, అందుకే అంచున బుడగ కదిలేంత సెగ చాలు. వడకట్టి, వెడల్పు గిన్నెల్లో పోసి, 2 గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్నకి కొవ్వు పైన పెచ్చులా గడ్డకడుతుంది, ఎత్తి తీసేయడమే.

మర్నాడు తొడలకు ఉప్పు, మిరియాలు పట్టించి, చర్మం కిందికి ఉండేలా చల్లని పెనం మీద పెట్టి నెమ్మదిగా వేపండి. రూకి ముప్పావు కప్పు బాతు కొవ్వు, ముప్పావు కప్పు మైదా. మధ్యస్థ మంట మీద, మూలలకు కూడా అందే చదును చెక్క గరిటెతో ఆపకుండా కలపాలి. మొదట వేరుశనగ ముద్ద రంగు, తర్వాత రాగి రంగు, 40 నిమిషాలు దాటాక చాక్లెట్ రంగు. ఫోన్ వచ్చినా వదలొద్దు. నల్ల చుక్కలు కనిపిస్తే మాడినట్టే, ఏం కలిపినా చేదు పోదు, పారేసి మళ్లీ మొదలుపెట్టండి. రంగు ముదిరేకొద్దీ రూకి చిక్కదనం ఇచ్చే శక్తి తగ్గుతుంది, పులుసు పల్చగా ఉందని కంగారు పడి మైదా కలపకండి.

రంగు రాగానే తరిగి ఉంచిన 2 ఉల్లిపాయలు, ఒక పచ్చ క్యాప్సికం, 3 సెలరీ కాడలు వేయాలి. వాటి చల్లదనమే రూ మరింత ముదరకుండా ఆపుతుంది. మెత్తబడ్డాక 5 వెల్లుల్లి రెబ్బలు, ముక్కలుగా కోసి వేపిన ఒక పౌండు ఆండూయ్ అనే పొగబెట్టిన సాసేజ్, కొద్దిగా థైమ్, కయెన్ కారం. తర్వాత బాతు ఎముకలు కాచి వడకట్టిన నీళ్లు రెండు లీటర్లు గరిటెడు గరిటెడుగా కలుపుతూ పోయండి. ఆండూయ్ పంది మాంసంతో చేస్తారు. చికెన్, టర్కీవి కూడా దొరుకుతాయి కానీ, వాటిలో కొన్నిటి పైతోలు పందిదే ఉంటుంది. తిననివాళ్లు లేబుల్ చదవాలి. అల్లం, గరం మసాలా వద్దు, రూ రుచి వాటి కింద అణిగిపోతుంది.

తొడలు, సన్నగా తరిగిన కందనకాయ సన్న సెగ మీద గంటన్నర ఉడకాలి. సగంలో రొమ్ము ముక్కలు వేయండి. అంచుకు చేరే నూనె తీస్తూనే ఉండాలి. తొడలు బయటకు తీసి, చర్మం, ఎముకలు పారేసి, మాంసం చీల్చి మళ్లీ కలపండి. సాసేజ్‌లో ఉప్పు ఎక్కువ కాబట్టి ఉప్పు చివర్లోనే చూడాలి. బెండకాయ వేస్తారా, జిగురు పోయేదాకా విడిగా వేపి వేయండి. ఫీలే పొడి (ఎండిన ససాఫ్రాస్ చెట్టు ఆకుల పొడి) అయితే దించాకే కలపాలి, మరిగితే తీగలు సాగుతుంది. రెండిట్లో ఒకటి చాలు. అన్నానికి పొడుగు గింజ బియ్యం బాగుంటుంది, సోనా మసూరి అయినా ఫర్వాలేదు.

వేటకెళ్లే సహోద్యోగి అడవి బాతులు ఇస్తే లెక్క మారుతుంది. అమెరికాలో వాటిని అమ్మడం నేరం, ఇవ్వడం మాత్రం మామూలే. ఇచ్చేవాళ్లు సంతకంతో చీటీ కట్టి ఇవ్వాలన్న నియమం ఉంది, అడిగి తీసుకోండి. వాటికి కొవ్వు తక్కువ కాబట్టి రూకి మామూలు నూనె వాడాలి. 1991 నుంచి నీటిపక్షుల వేటకు సీసపు గుళ్లు నిషేధం, ఇప్పుడు ఎక్కువగా వాడేవి ఉక్కు గుళ్లు, అవి పళ్లు విరగ్గొడతాయి. మాంసం మీద నల్లటి రంధ్రం ఎక్కడ కనిపించినా కత్తి మొనతో తెరిచి, గుండుతోపాటు లోపలికి దూరిన ఈకల్ని కూడా తీసేయండి.