థార్ జీపులో రికవరీ సామానుకి (దిగబడ్డ బండిని బయటికి లాగే సామాను) ఎలాంటి బ్యాగు మంచిది?

తమ్ముడూ, ఒడిశాలో దేవమాలి ఘాటీలో బండి వెనకాల షాకిల్స్ (తాడు తగిలించే ఇనప కడియాలు) గడగడలాడి ప్లాస్టిక్ డబ్బా పగిలిందని రాశావు. ఇంకో డబ్బా కొనకు, బ్యాగే తీసుకో. రాయగడలో లారీ టార్పాలిన్లు కుట్టేవాళ్లని అడుగు, మందపాటి పీవీసీ గుడ్డతో కుట్టిస్తే బాగుంటుంది.

ముందు చూడాల్సింది పిడులు. పట్టీ బ్యాగు అడుగు చుట్టూ తిరిగి వచ్చి పిడి కావాలి. పై అంచుకి మాత్రమే కుడితే ఇనుము బరువుకి కుట్లు ఊడిపోతాయి. జిప్పు వద్దు. కొరాపుట్ ఎర్రమట్టి దాని పళ్లలో ఎండిందంటే సమయానికి తెరుచుకోదు. మూతకి వెడల్పాటి బకిల్స్ పెట్టించు. అడుగున రెండు ఐలెట్లు (రింగు బిగించిన రంధ్రాలు) వేయిస్తే నీళ్లు కారిపోతాయి.

కైనెటిక్ తాడుని (సాగుతూ బండిని లాగే నైలాన్ తాడు), ఇనప షాకిల్స్‌ని ఒకే అరలో పడేయకు, కుదుపులకి తాడు ఒరుసుకుపోతుంది. తడి తాడుని అసలు మూటకట్టొద్దు. నైలాన్ తడిస్తే బలం తగ్గుతుంది, పైగా ఇసుక రేణువులు లోపలి పోగుల్ని కోస్తాయి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టు.

బ్యాగుని వెనకాల ఫ్లోర్ కొక్కేలకి గట్టిగా బిగించు. బండి పల్టీ కొడితే ఆ ఇనుము ఎగిరొచ్చి తలకే తగులుతుంది. లగేజీ కింద మాత్రం పెట్టకు. గ్లవ్స్ బయటి జేబులో ఉండాలి.