తమ్ముడి లైసెన్సా, అరెకరమా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. తమ్ముడు దుబాయ్‌లో హెల్పర్. నెలకు 1,200 దిర్హమ్‌లు నా ఖాతాకు పంపిస్తాడు. నాన్న అరెకరం కొందామంటాడు. నేను నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పుదామంటున్నా. తమ్ముడేమో హెవీ డ్రైవింగ్ లైసెన్స్‌కు ఐదు నెలల డబ్బు ఉంచుకుంటానంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: నా ఓటు తమ్ముడికే. పాలమూరు కూలీలు దేశంలో ఎక్కడ డ్యామ్ కడితే అక్కడికి వెళ్లారు. దారి వాళ్లకు తెలుసు, కూలీ రేటు మాత్రం మేస్త్రీ చేతిలో ఉండేది. హెల్పర్ పనీ అంతే. లైసెన్స్ ఉంటే ఇంకో కంపెనీని అడగొచ్చు, మస్కట్‌లోనో దోహాలోనో డ్రైవర్ల జీతం ఎంతో చూసి బేరమాడొచ్చు. ఐదు నెలలు ఇల్లు ఇబ్బంది పడుతుంది, నిజమే. నాన్నకు ముందే చెప్పండి.

భూమి సంగతి. ఎన్నారైగా ఉన్నంతకాలం తమ్ముడు తన పేరున వ్యవసాయ భూమి కొనలేడు. నాన్న పేరున కొంటే పాస్‌బుక్కూ ఆయనదే, రేపు వాటా అక్కచెల్లెళ్లకూ వస్తుంది. ఇది ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోవాలి. వడ్డీ వ్యాపారం వద్దు. అసలు రాకపోతే తమ్ముడికి ఏం చెబుతారు?

డబ్బు మీ ఖాతాలో కలపకండి. తమ్ముడి పేరున ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశంలో ఉన్నవాళ్లు అక్కడి సంపాదన దాచుకునే బ్యాంకు ఖాతా) తెరిపించండి. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, ఇంటి ఖర్చుకు తీసుకునే అధికారం మీకు రాసివ్వొచ్చు. అతని పాత సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (విదేశంలో ఉన్నవాళ్లు ఇక్కడి రాబడి వేసుకునే ఖాతాగా) మార్పించాలి. ఈ పని చాలామంది మరిచిపోతారు.

దిర్హమ్ 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. రూపాయి పడితే మీకు ఎక్కువ డబ్బు వస్తుంది, జీతం పెరిగినట్టే అనిపిస్తుంది. పెరిగింది డాలరు, జీతం కాదు. ఆ ఎక్కువ వచ్చింది ఖర్చులో కలపకుండా ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌లో వేయండి.

ఈసారి పంపిన స్లిప్ ఫోటో అడగండి. దాంట్లో రేటు, ఫీజు రెండూ ఉంటాయి. రెండు ఎక్స్ఛేంజ్‌ల మధ్య దిర్హమ్‌కు 30 పైసల తేడా ఉన్నా 1,200 మీద 360 రూపాయలు. లైసెన్స్ ఫీజు మాత్రం ఏజెంటు చేతిలో పెట్టొద్దనండి. నేరుగా డ్రైవింగ్ స్కూలుకు కట్టి, ఆ రసీదు కూడా పంపమనండి.